దిష్టి పోగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా కొత్తవాడ నేతగాళ్లంతా చెప్పుకుంటారు. ఉంటే ఉండనీ. నలభై ఐదేళ్లు జంపకానాలు నేసినవాణ్ణి. ఇనుప పళ్ల పంజాతో పోగును పోగుకు ఆనించి రోజంతా కొడుతూ కూర్చుంటే, చేతికి పట్టిన అలవాటు నోటికి పట్టకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఈ సంగతి కోపంతో చెప్పడం లేదు. మా షెడ్డు యాదికొచ్చి చెబుతున్నాను.

మా షెడ్డులో ఒకప్పుడు పన్నెండు మగ్గాలు. ఇప్పుడు నాలుగు. పొద్దున ఎనిమిదింటికి పండరి పేపర్ పట్టుకుని నడిమిట్ల స్టూలు మీద కూర్చునేవాడు. పండరి నా చిన్నప్పటి దోస్తు, వరసకు బావ. చదివింది ఏడో తరగతి, గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివేవాడి గొంతు. ఆయన చదివినంతసేపూ ఆయన మగ్గం ఖాళీగా ఉండొద్దు కదా, అందుకని వంతులవారీగా మాలో ఒకరం దాని మీద కూర్చుని నేసేవాళ్లం. మా నాయన కాలం నుంచి ఉన్న పద్ధతి. చదివేవాడి పని వినేవాళ్లు చేయాలి.

అబ్బ, ఆ పొద్దులు! పన్నెండు మగ్గాల చప్పుడు మీద నుంచి పండరి గొంతు వచ్చేది. మాలో బొంబాయి దాటినవాడు ఒక్కడు లేడు. అయినా ఏ దేశం ఏ దేశంతో దోస్తీ కట్టింది, ఎవడు ఎవడికి ఫిరంగులు అమ్మాడు, అన్నీ మాకే కావాలి. మూలమగ్గం మొండయ్య తాత దగ్గర దేనికైనా ఒక్కటే కొలత. ఫలానా దేశంలో ఓట్లు లేవు, ఎదురు మాట్లాడినవాణ్ణి జైల్లో వేస్తారు, అటువంటివాడితో మన సర్కారు రక్షణ ఒప్పందం రాసుకుంది అని పండరి చదవగానే, తాత పంజా ఆపి, "గసొంటోనింటికి పిల్లనిస్తమారా మనం? మరి గీళ్లెట్ల పొత్తు గలిసిన్రు?" అనేవాడు. షెడ్డు షెడ్డంతా నవ్వేది. తాత పోయి పదేళ్లవుతోంది. ఆ కొలత కంటే మంచి కొలత నేను ఇప్పటివరకు ఏ పేపర్లోనూ చూడలేదు.

నా అల్లుడు రాకేష్ ఆ షెడ్డులోనే దొరికాడు. పరకాల పిల్లవాడు. నూలు బేళ్లు తెచ్చే ఆటో నడిపేవాడు. బేళ్లు దింపడం ఐదు నిమిషాల పని. ఇతను మాత్రం గుమ్మంలో ఆనుకుని, పేపర్ చివరి పేజీ అయ్యేదాకా కదిలేవాడు కాదు. వార్తలంటే ఎంత ఇష్టమో అని మురిసిపోయాను. నా బిడ్డ భవాని అదే వేళకు నాకు చాయ్ తెస్తుందన్న సంగతి నాకు తర్వాత తట్టింది. ఇద్దరికీ పెళ్లి చేశాను.

పెళ్లయిన మూడో ఏడు రాకేష్ భవానిని మా ఇంట్లో వదిలి డ్రైవర్ పని మీద సముద్రం అవతలికి పోయాడు. ఆ దేశం పేరు ఇక్కడ రాయను. మేం రాజు దేశం అనేవాళ్లం. అక్కడ ఓట్లు లేవు. తండ్రి తర్వాత కొడుకు, ఆ కొడుకు తర్వాత వాడి కొడుకు. రెండేళ్ల కింద అక్కడ ఒక ఊళ్లో తాగేనీళ్ల కోసం జనం రోడ్డెక్కితే పోలీసులు లాఠీలు విరిగేలా కొట్టారు. ఆ వీడియో ఎవరో పంపిస్తే రాకేష్ దాన్ని మన తెలుగువాళ్ల గ్రూపులో పెట్టి, కింద ఏడుస్తున్న ముఖం బొమ్మ ఒకటి అతికించాడు. ఒక్క బొమ్మ! దానికి ఐదేళ్ల జైలు.

ఆ వార్త తెలిసిన పొద్దున పండరి షెడ్డులో ఆ రాజును ఏడు తరాలు తవ్వి తిట్టాడు. ఎవడో ఫోన్లో పట్టి గ్రూపుల్లో వదిలాడు. సాయంత్రానికి అది పరకాల దాకా పోయింది. మర్నాడు భవాని ఏడ్చుకుంటూ షెడ్డుకు వచ్చి పండరి కాళ్ల మీద పడింది.

"మామా, నీ కాల్మొక్త. జర బంద్ పెట్టు. నువ్వు గిక్కడ తిట్టినదానికి ఆయన్ను అక్కడ కొడ్తరు."

పండరి పేపర్ మడతపెట్టి స్టూలు కింద పెట్టాడు. అంతే. నలభై ఏళ్ల చదువు ఆ రోజుతో ఆగిపోయింది. స్టూలు మాత్రం అక్కడే ఉంది. రెండేళ్లు దాని మీద నూలు కండెలు పెట్టుకున్నాం.

ఈ యేడు ఎండలు ముదిరాక మా సొసైటీ మేనేజర్ కిషన్ రావు సారు స్కూటర్ దిగి సరాసరి నా మగ్గం దగ్గరికి వచ్చాడు. మంచివాడే, కానీ పెద్దవాళ్ల ఫోన్ వస్తే కూర్చున్నచోటనే లేచి నిలబడి మాట్లాడే రకం.

"వెంకటరాజమన్నా, నీ కిస్మత్ తెరుసుకున్నది. ఢిల్లీ నుంచి ఆర్డర్. పన్నెండు అడుగుల జంపకానా. నడిమిట్ల రెండు చేతులు కలిపిన బొమ్మ రావాలె. ఒకటి మన చెయ్యి, ఒకటి రాజుగారి చెయ్యి. ఆయనొస్తాండు. రక్షణ ఒప్పందం సంతకాలు దీని మీదనే అయితయ్."

ఏ రాజు అని అడగాల్సిన పని లేకపోయింది. నాకు ఒళ్లు మండింది. అంత వెడల్పు జంపకానా ఇద్దరు పక్కపక్కన కూర్చుంటేనే సాగుతుంది. నా పక్కన కూర్చునే మనిషి పండరి. ఆయన నా కంటే ముందే లేచాడు.

"నా చేతులు నరుక్కుంట గని నెయ్య సారూ. మన పిలగాన్ని లోపలేసినోని కాళ్లకింద మన పని పరుస్తమా? అసలు గా రాజుతోని పొత్తెందుకు మనకు? కుక్క తోక వట్టుకొని గోదారి ఈదినట్టున్నది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు పండరీ? దేశాల ముచ్చట మనకెందుకు?" అన్నాడు కిషన్ రావు సారు.

"కందకు దురదుందో లేదో కోసినోని చేతులనడుగు సారూ" అన్నాన్నేను. "నా అల్లుడే గాడున్నడు."

సారు తగ్గి, స్టూలు మీది కండెలు పక్కకు జరిపి కూర్చున్నాడు. చెప్పుకొచ్చాడు. రాజు వచ్చినప్పుడు సంతోషం కొద్దీ కొందరు భారతీయ ఖైదీలకు క్షమాభిక్ష పెడతాడట. జంపకానా నేసిస్తే రాకేష్ అర్జీ పైకి పంపించే పూచీ తనదన్నాడు. అయితే రెండు షరతులు. నా భర్త తప్పు చేశాడని భవాని సంతకం పెట్టాలి. ఈ స్నేహానికి మా కుటుంబం సంతోషిస్తోందని కూడా అందులో రాయాలి.

భవాని గుమ్మంలో నిలబడి అంతా విన్నది. దాని ముఖంలో రెండేళ్లుగా లేని వెలుతురు కనిపించింది. నాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. ఆ ముఖం చూసి మింగేశాను.

ఇంటికి పోయాక భవాని ఆ అర్జీ కాగితం మా అవ్వ ముందు పెట్టింది. నన్ను కన్న మా అవ్వ పోశవ్వకు తొంభై దాటాయి. కళ్లకు పొరలు, చెవులు మాత్రం పాము చెవులు. భవాని చదివి వినిపించింది. అవ్వ చాలాసేపు దవడ ఆడించి, అప్పుడు నోరు విప్పింది. ఆ సంగతి అరవై ఆరేళ్ల నా బతుకులో నేను కూడా ఎన్నడూ వినలేదు.

"నాకప్పుడు పన్నెండేండ్లు బిడ్డా. పరకాల పక్కపొంటి మా ఊరు. సంగపోళ్లకు సద్ది మోసిండని మా నాయినను నైజామోళ్లు జైల్లేసిన్రు. ఢిల్లీల మనోళ్ల రాజ్యం అచ్చిందన్నరు గని, మా మీద నైజామే ఉండె. గంతల్నే ఢిల్లీవోళ్లు నైజాముతోని ఏడాదికి కాయితం రాసుకున్నరని తెలిసింది. ఇగ ఇద్దరొక్కటైన్రు, మనోళ్లను ఇడిచిపెడ్తరని మా అవ్వ వాడకట్టంత బెల్లం పంచింది. పోలీసు అమీను కాడికి పోతె, నీ మొగడు తప్పు చేసిండని ముద్రెయ్యమన్నడు. ఏసింది."

"ఇడిచిన్రా?" అంది భవాని.

"యాడిది? కాయితం నడిచినన్ని దినాలు ఆయన్ను కదిలియ్యలే. నైజాం దిగిపోయినంక జైలు తలుపులు తెరిస్తె అందరితోని పాటు అచ్చిండు."

"మీ అవ్వ మీద కోపం చేసిండా?"

"ముద్రేసిన ఏలు వట్టుకొని ఏడ్చిండు. ఆమె గూడ ఏడ్చింది."

భవాని పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చుంది. "మరి నన్ను పెట్టమంటవా, వద్దంటవా నాయినమ్మా?"

"పెట్టు బిడ్డా. పెట్టకుంటె, పెట్టకపోతినే అని జిందగంత ఏడుస్తవ్. పెట్టు, గని నమ్మకు. మా అవ్వ ముద్రేసింది తప్పు కాదు. నమ్మి బెల్లం పంచింది, గదే తప్పు."

భవాని సంతకం పెట్టింది. ఆ రాత్రి నేను పండరి ఇంటికి పోయి గడప మీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. ఆయనే, "పొద్దుగాల ఆరింటికి పడుగు ఎక్కిద్దాం బావా. నా బిడ్డ కాదా ఆమె?" అన్నాడు.

ఇరవై రోజులు నేశాం. భుజం భుజం తగులుతూ ఎన్ని వేల గంటలు కూర్చున్నామో మేమిద్దరం. వయసులో ఉన్నప్పుడు చేయి నేస్తుంటే నోరు ఊరు తిరిగేది. ఈసారి ఇరవై రోజుల్లో ఇరవై మాటలు మాట్లాడుకోలేదు. కానీ పని మాట మాత్రం చెప్పాలి, నా జన్మలో అంత మంచి జంపకానా దిగలేదు. మన చేతికి తెల్లచొక్కా, రాజు చేతికి జరీ అంచు, వేళ్ల మీద గోళ్లు కూడా కనిపించాయి. అంత బాగా వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పని బాగా కుదిరితే దిష్టి తగులుతుందని, మగ్గం మీంచి దించిన తర్వాత బొటనవేలంత నల్ల పోగు ఒకటి సూదితో ఎక్కిస్తాం. అది ఎక్కడ పడాలో నేసినవాడు చెప్పకూడదు. ఇంటి పెద్ద ఆడమనిషి కళ్లు మూసుకుని వేలు పెట్టాలి. ఆ వేలు ఎక్కడ ఆనితే అక్కడే. పువ్వు మీద పడ్డా, నెమలి కంట్లో పడ్డా జరిపేది లేదు. జరిపితే దిష్టి తీయదని నమ్మకం.

భవాని అవ్వను చేయి పట్టుకుని షెడ్డుకు నడిపించుకొచ్చింది. అవ్వ నేల మీద పరిచిన జంపకానా చుట్టూ ఒకసారి తడుముకుంటూ తిరిగి, కూర్చుని, కళ్లు మూసి వేలు పెట్టింది.

సరిగ్గా రాజు మణికట్టు మీద.

పండరి దగ్గాడు. "జర జరుపుదామా బావా?"

"ఏందిరా జరిపేది?" అంది అవ్వ. "మీ అయ్య కాలంల జరిపిన్రా?"

నేను సూది తీసుకుని నల్ల పోగు ఎక్కించాను. కిషన్ రావు సారు వచ్చి ఫొటో తీసి ఢిల్లీకి పంపించాడు.

గంట తిరగలేదు, స్కూటర్ వెనక్కి వచ్చింది. సారు ముఖంలో రక్తం లేదు. ఫోన్ నా ముందు పెట్టాడు.

"రాజుగారి చేతికి బేడీ ఏసిన్రా అని అడుగుతాండ్రన్నా! ఆళ్ల సెక్యూరిటోళ్లు దీని మతలబేంది, నేసినోళ్ల పేర్లేంది అంటాండ్రు. ఒప్పందానికి అడ్డం తిరిగినోళ్లెవరన్న ఉన్నరా అని గూడ అడిగిన్రు. ఇది దిష్టి పోగు అంటె ఎవరింటరు? తీసెయ్యన్నా."

"బొటనేలంత పోగుకు గజగజ వణికేటోడా మన దేశాన్ని కాపాడేది?" అని లేచాను. నిజంగానే లేచాను. ఆ జంపకానాను చుట్టి తీసుకుపోయి మురికికాలువలో పారేద్దామనుకున్నాను. పద్ధతి పద్ధతే, మాకు మా నాయన చెప్పింది, ఆయనకు వాళ్ల నాయన చెప్పింది. ఒక్క పోగు కూడా ఇప్పటిదాకా ఎవరికోసమూ తీయలేదు.

"బాపూ" అంది భవాని.

ఆ ఒక్క మాటే. అర్జీ మీద దాని సంతకం అప్పటికే పోయింది. నేనిప్పుడు మొండికేస్తే, పేర్లు అడుగుతున్నవాళ్లకు మొదట దొరికే పేరు రాకేష్‌దే. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. సూది మొనతో పోగు కొస లేపాను. రెండుసార్లు జారింది. మూడోసారికి గుంజితే వచ్చేసింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

అప్పుడు అవ్వ చేయి చాచింది. "ఇట్ల తే" అని ఆ పోగును తీసుకుని కొంగున ముడేసుకుంది.

"ఏడుస్తవెందుకురా? ఆళ్ల దోస్తానాకు దిష్టి తగలకుండ ఏసిన పోగది. వద్దన్నది ఆళ్లే. రేపు తగిలితె మనలనడగద్దు."

పండరి ముందు నవ్వాడు. తర్వాత నేను. కిషన్ రావు సారు కూడా పెదవి కొరుక్కుంటూ బయటికి పోయాడు. ఆ షెడ్డులో నవ్వు వినపడి రెండేళ్లయింది. భవాని మాత్రం నవ్వలేదు. దాని ప్రాణమంతా ఆ అర్జీలో ఉంది.

సంతకాల రోజు భవాని ఫోన్లో అందరం చూశాం. జంపకానా మూడు సెకన్లు కనబడింది. దాని మీద మెరిసే బూట్లు. రాజు నవ్వాడు, మనవాళ్లు నవ్వారు, రెండు చేతులు కలిశాయి. కింద అక్షరాలు పోతున్నాయి: ఇరు దేశాల ప్రజల భద్రత కోసం. నల్ల పోగు తీసిన చోట కొంచెం పలచబడిన సంగతి నాకు తప్ప ఇంకెవరికీ కనిపించి ఉండదు.

పది రోజులకు పేపర్లో క్షమాభిక్ష వార్త పడింది. నలభై ఒక్క మంది భారతీయులు. పేర్లన్నీ వేశారు. పండరి అద్దాలు పెట్టుకుని, గొంతు పైకి రాకుండా, వేలితో ఒక్కో పేరే నడుపుకుంటూ పోయాడు. భవాని ఆయన వేలినే చూస్తోంది. చివరి పేరు మీద వేలు ఆగిపోయింది. మళ్లీ మొదటికి తెచ్చాడు. రెండోసారి కూడా లేదు.

భవాని లేచి ఇంటికి పోయింది. కిషన్ రావు సారుకు ఫోన్ చేస్తే, మాటలతో నేరం చేసినవాళ్లను ఈసారి లెక్కలోకి తీసుకోలేదన్నాడు. దొంగలను వదిలారట. ఏడ్చిన ముఖం బొమ్మ పెట్టినవాణ్ణి మాత్రం వదల్లేదు. థూ!

ఆ శుక్రవారం రాకేష్ ఫోన్ వచ్చింది. నెలకొకసారి మూడు నిమిషాలు మాట్లాడనిస్తారు, పక్కన ఒకడు వింటూనే ఉంటాడు. అప్పుడు పండరి కూడా మా ఇంట్లోనే ఉన్నాడు. భవాని స్పీకర్ పెట్టింది. పేర్ల సంగతి అతనికి తెలిసే ఉంది, దాని గురించి మాట్లాడలేదు. మంచిగున్నారా, నాయినమ్మ మంచిగున్నదా అని అడిగాడు. తర్వాత అన్నాడు:

"పొద్దుగాల ఎనిమిదైతె నేను కండ్లు మూసుకుంట భవానీ. పండరి మామ పేపర్ సదివినట్టె ఇనవడ్తది. గట్లనే పొద్దు గడుస్తాంది నాకు. ఇప్పుడెవలు నేస్తాండ్రు మామ మగ్గం మీద? మీ బాపేనా?"

భవాని నా ముఖం చూసింది. నేను పండరి ముఖం చూశాను. పండరి గోడ చూశాడు.

"సదువుతలేడు" అంది భవాని. "రెండేండ్లాయె."

"ఎందుకు? నా కోసమేనా?"

మూడు నిమిషాలు అయిపోయాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి భవాని షెడ్డుకు వచ్చింది. చేతిలో చాయ్ లేదు, పేపర్ ఉంది. స్టూలు మీది కండెలు ఒక్కొక్కటే తీసి కింద పెట్టింది. కొంగుతో దుమ్ము తుడిచింది. పేపర్ పండరి చేతిలో పెట్టి, తను పోయి ఆయన మగ్గం మీద కూర్చుని పంజా అందుకుంది. పెళ్లయిన తర్వాత అది మగ్గం ఎక్కడం నేను చూడలేదు.

"సదువు మామా. గట్టిగ సదువు. నీ పని నేను చేస్త."

"ఎవడన్న రికార్డ్ చేస్తె బిడ్డా?" అన్నాడు పండరి.

"చేస్కోనియ్. నోరు మూసుకుంటె ఇడుస్తరనుకున్న, సంతకం పెడ్తె ఇడుస్తరనుకున్న. ఆయన చెవులకు గాడ జైల్ల పేపర్ ఇనవడ్తాంది, బయటున్న మనకే ఇనవడ్తలేదు. ప్రజల భద్రత అని రాసిన్రు గద, గా ప్రజలల్ల నా పెనిమిటి ఉన్నడా లేడా? గదొక్కటి గా రికార్డులనే అడుగుత. పేరు గూడ చెప్త. రాకేష్ పెండ్లాన్ని, భవానిని."

మూలమగ్గం వైపు చూశాను. మొండయ్య తాత ఉండి ఉంటే ఇప్పుడు పంజా ఆపేవాడు. ఆయన లేడు కాబట్టి నేనే ఆపాను. గొంతు సవరించుకుని, "గసొంటోనింటికి పిల్లనిస్తమారా మనం?" అన్నాను. ఎవరూ నవ్వలేదు. భవాని ముక్కు చీదుకుని మొదటి పోగు వేసి పంజాతో కొట్టింది, నేను నేర్పినట్టే, గట్టిగా.

పండరి అద్దాలు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాడు.